బొమ్మ వెనుకనున్న మనిషి

క్రొత్త సంవత్సరము రాగానే గోడకు తగిలించు క్యాలెండరు, వివాహమునకు పిలువవచ్చిన బంధువు చేతికిచ్చు శుభలేఖ, అంగడిలోని పచ్చడిసీసాపై అంటించిన చీటీ, మీ చేతిలోని పుస్తకపు ముఖపత్రము — వీనిలో ప్రతిదానియందును ఒక బొమ్మయు, కొన్ని అక్షరములును ఉండును. ఆ బొమ్మను ఎవరో ఒకరు తీసియుండిరి. ఆ అక్షరములు ఇంత పరిమాణమున, ఈ రంగులో, ఈ చోటనే ఉండవలెనని ఎవరో ఒకరు నిర్ణయించియుండిరి. సీసా మూత తీసి పచ్చడి వడ్డించుకొనువారు ఆ మనిషిని గుఱించి తలంపరు. తలంపవలసిన పనియు లేదు. ఐనను ఆ మనిషి ఎట్లు బ్రతుకును, ఏమి చేయును, ఆ పనిలో కష్టమెక్కడ ఉన్నది అని తెలిసికొనుట మీవంటి విద్యార్థులకు ఉపయోగకరము. మీలో కొందఱు రేపు ఆ పనినే చేపట్టవచ్చును.

ఈ పని చేయువారిలో రెండు తెగలు కలరు. వార్తాపత్రికలోనో, ప్రకటనల సంస్థలోనో నెలజీతమునకు పనిచేయువారు కొందఱు. ఎవరి క్రిందను ఉద్యోగము చేయక, వచ్చిన పనికి వచ్చినట్లు ప్రతిఫలము కుదుర్చుకొని చేయువారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారిని స్వతంత్రవృత్తిదారులని చెప్పవచ్చును, వాడుకలో ఫ్రీలాన్సరులందురు. వీరికి హాజరుపట్టీ లేదు. గంట కొట్టువాడు లేడు. ఒకటవ తారీఖున జీతమును లేదు. ఛాయాచిత్రము తీయుట, పుటకు రూపము కల్పించుట అను రెండు పనులను ఒక్కరే చేయువారు ఈ తెగలో ఎక్కువ.

ఈ రెండు విద్యలు ఒకే చేతిలో ఉండుట నేటి వింత కాదు. 1844వ సంవత్సరములో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులోని మరామతు శాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. గీతలు గీయుట నేర్చిన ఆ కన్నే పిమ్మట కెమేరా పట్టినది. ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో చిత్రములు తీసి పేరు సంపాదించి, తుదకు ఉద్యోగమును వదలి, సికిందరాబాదులో సొంత స్టూడియో నెలకొల్పెను. ఆఱవ నిజాము అతనికి ముసవ్విర్ జంగ్ అను బిరుదమిచ్చెను. అతడు 1905లో మరణించెను. నాటి గోపురములు, దర్బారులు, వేటలు, రాజప్రాసాదములు మనకు నేడు కంటికి కనబడుచున్నవన్నచో అతడు గాజు పలకలపై తీసిన చిత్రములే ముఖ్య కారణము. కట్టడమును లెక్కకట్టి గీయగలవాడు కావుననే దానిని ఏ మూల నిలిచి చూడవలెనో అతనికి తెలిసినది.

ఇక నేటి విషయమునకు వత్తము. ఉదాహరణకు విజయవాడలో నొక యువతి ఈ వృత్తిలో ఉన్నదనుకొందము. ఒక ప్రచురణకర్త ఆమెను పిలిచి, "కొండపల్లి బొమ్మలను గుఱించి పిల్లలకొక చిన్న పుస్తకము వేయదలచితిమి. ముప్పదిరెండు పుటలు. చిత్రములు మీరే తీయవలెను. పుటలకూర్పు, ముఖపత్రము కూడ మీదే. సంక్రాంతి బొమ్మలకొలువు నాటికి అంగడిలో ఉండవలెను" అని చెప్పెననుకొందము. ఇరువది వేల రూపాయలకు బేరము కుదిరినది. అందులో సగము ముందుగా ఇచ్చునట్లు మాట.

అనుభవము లేనివారు ఇక్కడనే కెమేరా భుజమునకు తగిలించుకొని బయలుదేరుదురు. ఆమె అట్లు చేయదు. మొదట కాగితము తీసి ప్రశ్నలు వ్రాసికొనును. పుస్తకము చదువు పిల్లల వయస్సెంత? కొలత ఎంత? ఏ కాగితముపై అచ్చగును? రచన ఎవరిది, ఎప్పుడు చేతికి వచ్చును? ఎన్నిమాఱులు దిద్దుబాట్లు చేయవలసియుండును? చిత్రములపై హక్కెవరిది? పుస్తకములో ఆమె పేరు వేయుదురా? వీనికన్నింటికి సమాధానములు వ్రాయించుకొని ఇరువురును సంతకములు చేయుదురు. తెలిసినవారితో కాగితమెందులకని మనవారు మొగమాటపడుదురు. ఈ మొగమాటము వలన చెడిన స్నేహములను నేను చాల చూచితిని. కాగితము వలన చెడిన స్నేహమును ఒక్కదానిని కూడ చూడలేదు.

కొండపల్లి విజయవాడకు చేరువలోనే ఉన్నది. అక్కడి బొమ్మలు తెల్లపొణికి అను తేలికైన కఱ్ఱతో చేయబడును. ఆ కఱ్ఱను ఎండబెట్టి, వెచ్చబెట్టి, తేమ పోగొట్టి, బొమ్మ అంగములను వేరువేరుగ చెక్కుదురు. చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపి చేసిన మక్కుతో ఆ భాగములను అతికి, ఎగుడుదిగుళ్లను పూడ్చి, సుద్ద పూసి, ఆరిన పిమ్మట రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు, ఎడ్లబండి, కల్లుగీతగానితో కూడిన తాటిచెట్టు — వీనిని మీరు చూచియే ఉందురు.

మొదటి దినమున ఆమె కెమేరాను సంచిలోనుండి తీయక పోవచ్చును. పనిచేయు తాతగారి ప్రక్కన కూర్చుండి చూచుచుండును. ఉలి ఏ చేతితో పట్టును, వెలుతురు ఏ కిటికీనుండి ఎన్ని గంటలకు పడును, మక్కు పెట్టునపుడు వ్రేలు ఎట్లు త్రిప్పును అని గమనించును. "అమ్మాయీ, ఫొటో తీసికొనవా?" అని ఆయనయే అడుగువఱకు ఆగుట మంచిది. అపరిచితుల యెదుట బిగుసుకొనిన చేయి, పనిలో మునిగిన చేయి ఒకటి కాదు. ఈ తేడా చిత్రములో దాగదు.

కెమేరా పనిని గుఱించి రెండు మాటలు చెప్పవలెను. మీ కంటిపాప చీకటిలో పెద్దదియు, ఎండలో చిన్నదియు అగుట మీరు విజ్ఞానశాస్త్రములో చదివితిరి. కెమేరా కటకములోను అటువంటి రంధ్రమొకటి కలదు. దానిని పెద్దది చేసినచో వెలుతురు ఎక్కువగా వచ్చును. కాని ఒక్క దూరముననున్న వస్తువే స్పష్టముగా కనబడి, ముందు వెనుకలు మసకగా ఉండును. చిన్నది చేసినచో ముందు వెనుకలన్నియు స్పష్టముగా ఉండును, వెలుతురు చాలదు. ఇక రెండవది కాలము. ఆ రంధ్రము వెనుకనున్న తలుపు ఎంతసేపు తెఱచియుండవలెనను నిర్ణయమది. సెకనులో వేయవ వంతు తెఱచినచో ఉలి దెబ్బకు ఎగిరిన కఱ్ఱపొట్టు గాలిలో నిలిచినట్లు పడును. ముప్పదవ వంతు తెఱచినచో ఆ పొట్టు గీతలుగా సాగి, కదలిక కనబడును. రెండును సత్యములే. ఏది కావలెనో తీయువారు నిర్ణయించుకొనవలెను. కొట్టములో వెలుతురు తక్కువ. చేయి వేగముగా కదలును. కాబట్టి రంధ్రము పెద్దది చేయక తప్పదు. చేసినచో ఏనుగు తొండము స్పష్టమై, అంబారీ మసకయగును. ఒకటి గెలిచినచో మఱొకటి ఓడు ఈ లెక్కను ఆమె ప్రతి చిత్రమునకును క్షణములో వేసికొనును. యంత్రము తానే ఈ లెక్క వేయగలదు. కాని అంబారీ ముఖ్యమో తొండము ముఖ్యమో దానికి తెలియదు.

రంగుల సంగతి ఇంకను చిక్కైనది. సుద్ద పూసిన తెల్ల ఏనుగు పగటి వెలుతురులో తెల్లగాను, పాతకాలపు బల్బు క్రింద పసుపుగాను ఉండును. మన మనస్సు దానిని సరిదిద్దుకొని తెల్లనిదిగనే గ్రహించును. కెమేరా చూచినదానిని చూచినట్లే పట్టును. అందుచేత ఆమె ఒక బూడిదరంగు అట్టముక్కను బొమ్మప్రక్కన నుంచి మొదట నొక చిత్రము తీసికొనును. ఆ బూడిదరంగు ఎట్లుండవలెనో తెలిసినదే కావున, పిమ్మట దానిని సరిచేసినచో తక్కిన రంగులన్నియు సరియగును. నాలుగు రూపాయల అట్టముక్క చేయు ఈ మేలు చూచినపుడు నాకు ముచ్చట వేసినది.

ఇక్కడ నొక చిక్కు వచ్చును. తాతగారి ప్రక్కన ఎనామెల్ రంగు డబ్బా ఒకటి ఉన్నది. కొండపల్లివారు పూర్వము చెట్ల ఆకులనుండి, గింజలనుండి తీసిన రంగులు వాడుచుండిరి. నేడు కొందఱు వానిని వాడుదురు, పెక్కుమంది డబ్బా రంగులును వాడుదురు. పుస్తకములోని రచనలో "ప్రాచీన పద్ధతిలో ప్రకృతిసిద్ధమైన రంగులతో" అని వ్రాసియున్నది. ప్రచురణకర్త, "ఆ డబ్బాను తీసివేసి ఫొటో తీయండి, చూచుటకు బాగుండదు" అనును. డబ్బాను ఒక ప్రక్కకు జరుపుట ఎంత పని? తీసిన చిత్రములోనుండియే దానిని కంప్యూటరులో తుడిచివేయుట అంతకంటె సులభము.

ఆమె ఏమి చేయవలెను? చీపురును, నీళ్ల బకెట్టును ప్రక్కకు జరుపుటలో తప్పు లేదు. ఇల్లు సర్దుకొనుట వంటిదే. కాని డబ్బా ఆ పనిలో భాగము. అది లేనట్లు చూపినచో చిత్రము అబద్ధము చెప్పినట్లగును. పుస్తకము చదివిన బాలిక ఒకతె కొండపల్లికి వెళ్లి డబ్బాను చూచినచో, తాతగారు తనను మోసగించెనని తలంచును. మోసగించినది ఆయన కాదు. కావున ఆమె ప్రచురణకర్తతో, "డబ్బాను ఉండనిండు, వాక్యమును మార్చుదము. నేడు రెండు విధముల రంగులును వాడుచున్నారని వ్రాయుదము" అని నచ్చజెప్పును. ఒప్పుకొన్నచో మంచిది. ఒప్పుకొననిచో ఆకురంగులు వాడు మఱొకరి ఇంటికి వెళ్లి అక్కడ తీయును. రెండవ మార్గమునకు ఒక దినము అదనముగా పట్టును. దానికి కూలి ఎవరును ఇయ్యరు. ఈ వృత్తిలో నిజాయితీ అనునది చాలమాఱు ఇట్టి లెక్కకు రాని దినముల రూపమున ఉండును.

మూడు దినములలో ఆఱువందల చిత్రములు తీసినదనుకొందము. పుస్తకమునకు కావలసినవి ఇరువదినాలుగు. ఏఱివేయుటయే కఠినమైన పని అని ఈ వృత్తివారు చెప్పుదురు. కన్ను మూసినవి, చేయి కదలినవి మొదట పోవును. మిగిలినవానిలో బాగున్నవి నూఱు ఉండును. అప్పుడు చిత్రమును ఒంటరిగా చూచుట మాని, వరుసగా చూడవలెను. కఱ్ఱ, ఉలి, మక్కు, సుద్ద, రంగు — ఈ క్రమములో ఒక మెట్టు లేకపోయినచో ఎంత అందమైన చిత్రమున్నను పిల్లలకు పని బోధపడదు. అందుచేత మిక్కిలి అందమైనదానిని ప్రక్కన పెట్టి, మక్కు పూయుచున్న వ్రేలిని చూపు సామాన్యమైన చిత్రమును చేర్చవలసి వచ్చును. ఆ దినమునే చిత్రములన్నిటికి రెండు నకళ్లు తీసి, ఒకదానిని వేఱొక ఇంట దాచును. యంత్రములు చెడును, తాతగారి పనిని మరల అట్లే చేయించి తీయుట సాధ్యము కాదు.

పిమ్మట బల్లముందు కూర్చుండి పుటలు కూర్చు పని. ఇది నాకు ఇష్టమైన భాగము. ఇందులో తెలుగు అక్షరముల సంగతి వచ్చును. "కొండపల్లి బొమ్మలు" అను పేరును ముఖపత్రముపై రెండు వరుసలలో వేయవలెననుకొనుడు. మొదటి వరుసలోని "ల్లి" క్రింద లకారపు ఒత్తు వ్రేలాడుచున్నది. పైన గుడి ఉన్నది. రెండవ వరుసలో "బొ" పైన ఒత్వము లేచుచున్నది. "మ్మ" క్రింద మకారపు ఒత్తు దిగుచున్నది. వరుసలను దగ్గఱగా పేర్చినచో పై ఒత్తు క్రింది తలకట్టుతో ఢీకొనును. దూరముగా పేర్చినచో ఒకే పేరు రెండు పేర్లవలె విడిపోవును. ఆంగ్లములో ఈ బాధ తక్కువ. జి, వై వంటి కొన్ని అక్షరముల తోకలు మాత్రమే క్రిందికి దిగును. మన అక్షరములు పైకి, క్రిందికి, ప్రక్కకు గూడ పెరుగును. "స్త్రీ" అను ఒక్క అక్షరములో ఎన్ని అంతస్తులున్నవో చూడుడు. కావున ఆంగ్లపుస్తకమును చూచి వరుసల ఎడమును నిర్ణయించువారు తెలుగు పుటను ఊపిరాడనిదిగా చేయుదురు. పిల్లల పుస్తకములో ఈ ఎడము మఱింత ఉదారముగా ఉండవలెను.

అక్షరమునకును ఒక ముఖమున్నదని మన తరమునకు చూపినవారిలో బాపు ముఖ్యులు. 1933లో నరసాపురములో జన్మించి, మదరాసులో న్యాయశాస్త్రము చదివి, న్యాయవాది కాక చిత్రకారులైనారు. పత్రికలకు వ్యంగ్యచిత్రములు, పుస్తకములకు ముఖపత్రములు, ప్రకటనలు — ఎన్నియో గీసిరి. తరువాత చలనచిత్రములు తీసిరి. ఆయన చేతివ్రాత నేడు కంప్యూటరు ఫాంటుగా మారి, మన యిండ్లకు వచ్చు శుభలేఖలలో కనబడుచున్నది. 2014లో ఆయన గతించిరి. వ్రాత మాత్రము ఇంటింటికి పెండ్లిపిలుపులు మోయుచునే ఉన్నది.

ఇంకొక చిక్కు. ప్రచురణకర్త పంపిన రచన పాతపద్ధతి ఫాంటులో ఉండును. ఆమె యంత్రము క్రొత్తపద్ధతిది. ఒకదానినుండి మఱొకదానికి మార్చునపుడు ఒత్తులు రాలిపోవును, కొమ్ములు స్థానము తప్పును. "అమ్మ" పోయి "అమ" అగును. తెలుగు పండితుడనైన నాకు అట్టి పుట చూచినపుడు అన్నములో రాయి తగిలినట్లుండును. కాబట్టి యంత్రమును నమ్మక ప్రతి పదమును మూలముతో పోల్చి చదువవలెను. రూపకర్త భాష తెలిసినవారై ఉండవలెననుటకు ఇదే కారణము.

ఇప్పుడు అచ్చుకూటము. మీయింట భూతద్దమున్నచో ఏదైన వార్తాపత్రికలోని రంగుల బొమ్మను దానితో చూడుడు. అక్కడ ముఖమును ఉండదు, చీరయు ఉండదు; చుక్కలు మాత్రమే ఉండును. లేతనీలము, గులాబీవన్నె, పసుపు, నలుపు అను నాలుగు సిరాల చుక్కలవి. నాలుగు పలకలు, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగుకు. కాగితము నాలుగింటి క్రిందను పోవును. ఒక పలక వెండ్రుకవాసి జరిగినను బొమ్మ అంచు చెదరి, తాతగారికి రెండు ముక్కులు వచ్చును.

కంప్యూటరు తెర మాత్రము సిరాతో పనిచేయదు. అది ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను కలిపి రంగులను పుట్టించును. వెలుగులను కలిపినకొలది తెల్లదనము వచ్చును. సిరాలను కలిపినకొలది చీకటి వచ్చును. అందువలన తెరపై నిప్పువలె మెఱయు చిలుకపచ్చ కాగితముపైకి వచ్చుసరికి కొంత చల్లారును. ఇది ఎవరి లోపమును కాదు. ఆ రంగు ఆ సిరాలకు అందదు. తెలియని ప్రచురణకర్త, "తెరమీద చూపినది ఒకటి, అచ్చులో వచ్చినది ఒకటి" అని కోపపడును. తెలిసిన రూపకర్త ముందుగనే ప్రూఫుకాగితముపై అచ్చువేయించి చూపి, ఒప్పించి, సంతకము తీసికొనును. ఒక కొండపల్లి చిలుకబొమ్మను వెంట తీసికొనిపోయి, అచ్చుయంత్రము ప్రక్కన నుంచి పోల్చినచో ఇంకను మేలు.

చుక్కల లెక్క కూడ చెప్పెదను. మీ గణితమునకు అభ్యాసముగా ఉండును. మంచి పుస్తకములో బొమ్మ అచ్చగుటకు అంగుళమునకు మూడువందల బిందువులు కావలెను. పుట ఆఱంగుళముల వెడల్పు, తొమ్మిదంగుళముల పొడవు అనుకొనుడు. అడ్డముగా 1800, నిలువుగా 2700, గుణించినచో 48,60,000. అనగా ఒక్క పుటను నింపుటకు దాదాపు అర్ధకోటి బిందువులు. చరవాణిలో ఒకరినుండి ఒకరికి పంపుకొను చిత్రము దారిలో కుదింపబడి, ఇందులో చాల భాగమును పోగొట్టుకొనును. చిన్న తెరపై బాగున్న బొమ్మ పుస్తకములో మసకబాఱుట అందువలననే. పుట అంచువఱకు బొమ్మ ఉండవలెనన్నచో కొలతకు వెలుపల మూడు మిల్లీమీటర్లు అదనముగా వదలవలెను. కాగితమును కోయు కత్తి ఎప్పుడును గీతమీదనే పడదు; ఆ అదనము లేనిచో తెల్లని చాఱ మిగులును.

ఇక ధనము సంగతి. ఇరువది వేల రూపాయలు విని, మూడు దినముల ఫొటోలకు ఇంతయా అని ఎవరైన అనవచ్చును. లెక్క చూతము. మాటలకు ఒక దినము, కొండపల్లిలో మూడు, ఏఱివేతకు రెండు, కూర్పునకు ఐదు, ప్రూఫులకు రెండు, అచ్చుకూటములో ఒకటి. మొత్తము పదునాలుగు దినములు. ప్రయాణము, ప్రూఫుల ఖర్చు 2,500 రూపాయలైనచో మిగిలినది 17,500. దినమునకు 1,250. ఇందులోనే ఇంటి అద్దె, విద్యుత్తు, మందులు. కెమేరా, కటకములు కలిసి లక్షన్నర విలువచేసి ఐదేండ్లు పనిచేసినచో, నెలకు 2,500 రూపాయలు వానికే ప్రక్కన పెట్టవలెను. నెలలో అన్ని దినములును పని ఉండదు. పని ఉన్నప్పుడును సొమ్ము చేతికి వెంటనే రాదు. ముందు సగము ఇచ్చిన పెద్దమనిషియే తక్కిన సగమునకు "వచ్చే వారము, వచ్చే నెల" అని త్రిప్పుట ఈ వృత్తిలో సర్వసాధారణము. బియ్యము కొట్టువాడు మాత్రము వచ్చే నెలవఱకు ఆగడు. జీతగానికి ఆలస్యమైనచో యూనియను ఉన్నది. ఈమెకు ఆ సంతకము చేసిన కాగితమే దిక్కు. ఫోను చేసి మర్యాదగా, మానక అడుగుట కూడ ఈ వృత్తిలో నేర్వవలసిన విద్యయే.

ధనముతో పాటు పేరు. మన దేశములో 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవారే. కాని ఒకరి కోరికపై, వారిచ్చు సొమ్మునకు తీసినచో, వేఱుగ ఒడంబడిక లేనప్పుడు హక్కు సొమ్మిచ్చినవారికి చెందును. ఆమె మొదటి దినముననే హక్కు సంగతి అడిగినది ఇందులకే. ఐతే హక్కును విడిచియిచ్చినను, "దీనిని తీసినది నేను" అని చెప్పుకొను అధికారమును చట్టము కర్తకు నిలిపియుంచినది. సొమ్ము ఒకరికి పోవచ్చును, పేరు పోనక్కఱలేదు.

పేరు పోయినచో ఏమగునో హోమాయ్ వ్యారవాలా చరిత్ర చెప్పును. ఆమె 1913లో గుజరాతులోని నవసారిలో జన్మించి, బొంబాయిలో జె.జె. కళాశాలలో చిత్రలేఖనము నేర్చెను. ఆమె తీసిన తొలి చిత్రములు పత్రికలలో భర్త పేరిట అచ్చైనవి. అప్పుడు ఒక్కొక్క చిత్రమునకు ముట్టినది ఒక రూపాయి. 1942లో ఢిల్లీకి వచ్చి, బ్రిటిషు సమాచారశాఖలో పనిచేయుచు, పత్రికలకు స్వతంత్రముగా కూడ చిత్రములిచ్చుచుండెను. బరువైన కెమేరా మోయుచు, చీర కట్టి, సైకిలుపై వెళ్లి పని చేసినది. కొన్నాళ్లు "డాల్డా 13" అను మాఱుపేరు వాడెను. ఆమె కారు సంఖ్యలో డి.ఎల్.డి. 13 అని ఉండుట అందులకొక కారణము. స్వాతంత్ర్యోదయపు ఢిల్లీ, గాంధీజీ అంత్యయాత్ర, నెహ్రూ పావురమును ఎగురవిడుచుట — ఈ చిత్రములను దేశమంతయు చూచినది. తీసినదెవరో చాలకాలము కొద్దిమందికే తెలియును. 1970లో ఆమె కెమేరాను విడిచెను. 2011లో పద్మవిభూషణము వచ్చినది; మఱుసటి యేడు మరణించెను. చిత్రము క్రింద నొక చిన్నవరుసలో పేరు వేయుటకు పట్టు సిరా ఎంత?

మన కొండపల్లి పుస్తకములో ఈ న్యాయము తాతగారికిని చెల్లవలెను. "కొండపల్లి కళాకారుడు" అని మాత్రము వేసి ఊరకుండుట సులభము. ఆయన సమ్మతించినచో ఆయన పేరు అడిగి, అక్షరదోషము లేకుండ వ్రాసికొని, చిత్రము క్రింద వేయించుట ఆమె పని. తన పేరుకై పట్టుపట్టినవారికి ఈ సంగతి మఱువరాదు.

ఇటీవల మాటలలో వర్ణించి చెప్పినంతనే బొమ్మ గీసియిచ్చు కృత్రిమ మేధ వచ్చినది. ఇక ఛాయాగ్రాహకులతో పనియేమి అని కొందఱనుచున్నారు. దాని వలన కొన్ని పనులు పోవుచున్నవనుట నిజమే. చీటీల బొమ్మలు, పండుగ శుభాకాంక్షలు వంటివి ఇప్పటికే ఆ దారి పట్టినవి. "కొండపల్లి బొమ్మ చేయు వృద్ధుడు" అని అడిగినచో ఆ యంత్రము తెల్లగడ్డముతో నొక వృద్ధుని చూపును. ఆ వృద్ధుడు ఎక్కడను లేడు. అతని చేతిలోని ఉలి ఆ పట్టున కఱ్ఱను కోయదు. పొణికిచెట్లు కొండలలో తగ్గి కఱ్ఱ దొరకుట కష్టమైనదని అతడు చెప్పలేడు. కల్పిత కథకు ఆ బొమ్మ చాలవచ్చును. పనిని నేర్పు పుస్తకమునకు చాలదు.

పని లేని దినములలో ఈ వృత్తివారు ఏమి చేయుదురని మీరడుగవచ్చును. కటకములకు బూజు పట్టకుండ ఆరబెట్టుకొందురు. మన కోస్తా తేమకు ఇది తప్పనిసరి. పాత చిత్రములకు తేదీ, ఊరు వ్రాసి భద్రపఱచుకొందురు. క్రొత్త పరికరముల వాడుక నేర్చుకొందురు. కన్నులకు, వెన్నునకు విశ్రాంతి ఇత్తురు. దినమంతయు తెరముందు వంగి కూర్చుండువారికి మెడనొప్పి ముందుగనే వచ్చును. ఇంటిలోనివారు మాత్రము, "ఊరక కూర్చున్నావు గదా, బజారుకు వెళ్లి రా" అందురు. ఇంటనే పనిచేయువారికి ఇది నిత్యము ఎదురగు పరీక్ష.

పుస్తకము అచ్చయి కట్టలు విప్పిన నాడు ఆమె మొదట చూచునది ముఖపత్రము కాదు. పదునెనిమిదవ పుట తిరుగవేసి, రంగు డబ్బా ఉన్న చిత్రమును, దాని క్రింది పేరును చూచును. ఒక ప్రతిని సంచిలో పెట్టుకొని కొండపల్లి బస్సెక్కును. తాతగారు కండ్లజోడు సవరించుకొని, చిలుకబొమ్మను ప్రక్కన నుంచి, పుటలోని పచ్చతో పోల్చి చూచి, "కొంచెము ముదురు పడినది తల్లీ" అనవచ్చును. అనిన పక్షమున ఆమె ఆ మాటను కూడ వ్రాసికొనును. రెండవ కూర్పు వచ్చినచో పనికివచ్చును.